పనసపొట్టు కత్తికి కొత్త పిడి

మా ఇంట్లో డిగ్రీ పట్టా ఒకటే ఉన్నది. కత్తులు మూడు ఉండేవి. పట్టాను నేను ప్లాస్టిక్ కవరులో ఉంచి బీరువా లోపల దాచాను. కత్తులను మా అమ్మ ఆముదం పూసి, గోనెగుడ్డలో చుట్టి, అదే బీరువా పైన పెడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు ఆవిడ ముందుగా దించి చూపించేది పైనున్న మూటనే. మా వంశంలో మొట్టమొదటి పట్టభద్రుణ్ణి కాబట్టి ఈ క్రమం మారవలసి ఉన్నదని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

అమ్మ గుడివాడ కూరగాయల మార్కెట్టులో పనసపొట్టు కొడుతుంది. లేత పనసకాయకు చెక్కు తీసి, చింతమొద్దు మీద నిలబెట్టి, బరువైన కత్తితో దగ్గర దగ్గరగా వందల దెబ్బలు వేసి, ఆ దెబ్బలు తిన్న పై పొరను అడ్డంగా చెక్కితే నూలుపోగుల్లాగా రాలిపడేదే పొట్టు. దానికి ఆవ పెట్టి కూర చేస్తారు. మా వైపు పెళ్ళి భోజనంలో ఈ కూర లేకపోతే, వంక పెట్టడానికి మగపెళ్ళివారు వేరే కారణం వెతుక్కోనక్కరలేదు.

మూడు కత్తులకు మూడు పనులు. చిన్నది తొడిమలు కోయడానికి, నడిమిది చెక్కు తీయడానికి, పెద్దది పొట్టు కొట్టడానికి. పెద్దది దివిసీమలో, అమ్మ పుట్టిన ఊళ్ళో, ఒక కమ్మరి తాతగారు లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేసినది. జానెడున్నర పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. ఎత్తి పట్టుకుంటే మనకు మణికట్టు అనేది ఒకటున్నదని జ్ఞాపకం వస్తుంది.

దాని పిడి నల్లతుమ్మ కర్ర. మొదట్లో అమ్మే గాజుపెంకుతో గీసి నునుపు చేసుకున్నది. మిగిలిన పని ఏళ్ళ తరబడి ఆవిడ చెయ్యి చేసింది. ఎడమ పక్కన బొటనవేలికి ఒక పల్లం, అడుగున నాలుగు వేళ్ళకు నాలుగు గాడులు, కుడి పక్కన అరచేతికి ఆనేలా ఒక ఉబ్బు ఏర్పడ్డాయి. అంటే అది అచ్చమైన కుడిచేతి పిడి. నాది పుర్రచేతి వాటం. బడిలో మాస్టారు స్కేలు సాయంతో నా వ్రాతను కుడిచేతికి మార్చారు; అన్నం కుడిచేత్తోనే తింటాను. మేకు కొట్టడం, బంతి విసరడం, తలుపు గడియ తీయడం వంటి పనులన్నీ ఇప్పటికీ ఎడమచేతివే. చిన్నప్పుడు ఒకసారి పెద్ద కత్తిని పట్టుకోబోతే, పల్లం ఉండవలసిన చోట ఉబ్బు తగిలింది.

“అది నా చెయ్యిరా, నీది కాదు. నువ్వు పెన్ను పట్టుకో,” అన్నది అమ్మ.

పట్టుకున్నాను. దాని పుణ్యమా అని బందరులో ఒక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటునయ్యాను. రోజూ గుడివాడ నుంచి రైల్లో వెళ్ళి వస్తాను. అమ్మ ఏం చేస్తారని కార్యాలయంలో ఎవరైనా అడిగితే, “కూరగాయల వ్యాపారం” అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. అయితే అందులో కత్తి ఉండేది కాదు.

ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం ఉదయం ఒక వంటమేస్త్రి గారు మార్కెట్టుకు వచ్చారు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయన వంట, అందులోని పనసపొట్టుకు మా అమ్మ చెయ్యి. అమ్మ ఆయనను అన్నయ్యా అంటుంది. ఆ లెక్కన నేను ఆయనకు అల్లుణ్ణి. రక్తసంబంధం ఏదీ లేదు, పనసకాయల సంబంధమే.

“చెల్లెమ్మా, వచ్చే వారం గురువారం బంటుమిల్లిలో పెళ్ళి. పదిహేను కాయలు. పొద్దున్నే వచ్చెయ్,” అన్నారు.

“లేతవి చూసి తే అన్నయ్యా. పోయినసారి తెచ్చినవి కాయలా, మొద్దులా?”

“నీ కత్తికి కాయయితే ఏంటి, మొద్దయితే ఏంటి!”

ఆ మాట పూర్తయిందో లేదో, తర్వాతి దెబ్బకు ఫట్ మని చప్పుడయింది. పిడి నిలువునా రెండుగా చీలిపోయింది. కత్తి పనసకాయలో నిలబడిపోయింది. సగం పిడి అమ్మ చేతిలో, సగం ఆవిడ ఒళ్ళో ఉన్నాయి.

“దిష్టి నాదేనంటావా?” అన్నారు మేస్త్రి గారు.

“ఇంకెవరిది? ఇక్కడ అంత నోరు నీ ఒక్కడికే ఉంది.”

ఆయన నవ్వి, నవ్వు ఆపి, అసలు సంగతి చెప్పారు. “చూడమ్మా, ఇంకా పదకొండు రోజులుంది. కత్తి బాగయిందా, సరేసరి. కాలేదా, కైకలూరులో ఒకాయన పొట్టు మిషను పెట్టాడంట. పావుగంటలో పదిహేను కాయలూ చేసి ఆటోలో పంపిస్తానంటున్నాడు. ఒకసారి మిషను పొట్టు వచ్చిందంటే ఇంక ప్రతి పెళ్ళికీ అదే వస్తది. అప్పుడు నన్ననుకుని లాభం లేదు.”

“మిషను పొట్టు నువ్వు తిన్నావా?”

“లేదు.”

“నేను తిన్నాను. తడిసిన రంపప్పొట్టు.”

“తినేవాళ్ళకి తేడా తెలియొద్దూ?”

అమ్మ కత్తిని కాయలోంచి ఊడలాగి గోనెగుడ్డలో చుట్టింది. ఇంటి ముందు రిక్షా దిగుతూ, “తెలియకపోతే నేనెందుకు ఇన్నాళ్ళూ అంత సన్నంగా కొట్టినట్టు?” అన్నది. ఆ గురువారం ఆవిడ కత్తి ఆడకపోతే ఇక ఏ పెళ్ళివంటకూ ఆవిడకు పిలుపు రాదని నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

నడిమి కత్తితో కానిద్దామా అని అడిగాను.

“నీ పెన్నుతో కొబ్బరికాయ కొట్టు, చూద్దాం,” అన్నది.

ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఈ సమస్యను శాస్త్రీయంగా పరిష్కరించవలసిన బాధ్యత నాదేనని భావించాను. విరిగిన పిడి ముక్కలు రెండింటినీ దారంతో కట్టి, గ్రాఫు కాగితం మీద పెట్టి, దాని రూపాన్ని మిల్లీమీటర్ల లెక్కన గీశాను. పల్లం లోతు, గాడుల మధ్య దూరం, ఉబ్బు ఎత్తు, అన్నీ వ్రాశాను. మూడుసార్లు సరిచూసుకుని క్రింద తేదీ వేశాను. ఆ సాయంత్రమే అమ్మ ఆ రెండు ముక్కలనూ వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టింది. తుమ్మకర్ర బాగా మండుతుందట.

మొదటి ప్రయత్నంగా బందరులో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గుండ్రని పిడి ఒకటి, దేన్నయినా అతికిస్తుందని పైన వ్రాసి ఉన్న జిగురు రెండు గొట్టాలు కొన్నాను. గొట్టం మీది సూచనలను ఆసాంతం చదివి, ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టమంటే ముప్ఫై ఆరు గంటలు ఆరబెట్టాను. అమ్మ పెరట్లో నిలబడి, “నా వెనక్కి రా,” అని, కత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పిడి ఆవిడ చేతిలోనే ఉన్నది. కత్తి మాత్రం గోడ దాటి పక్కింటివారి మునగచెట్టు మొదట్లో దిగబడింది. అక్కడ అదృష్టవశాత్తూ మునగచెట్టు తప్ప ఎవరూ లేరు.

పక్కింటి పిన్నిగారు కత్తిని కొంగుతో పట్టుకుని తెచ్చి ఇచ్చారు. “మునక్కాయలు కావాలంటే అడగొచ్చుగా అక్కా,” అన్నారు.

“మావాడు అతికించాడమ్మా,” అన్నది అమ్మ. నావైపు తిరిగి, “ఆ గమ్ముతో పుస్తకాలకి అట్టలేసుకో. కత్తి చేసినాయన దగ్గరికి వెళ్ళు,” అన్నది.

పాలుపోక రెండు రోజులు గడిపి, మళ్ళీ ఆదివారం నాడు దివిసీమకు బయలుదేరాను. అంత కత్తిని బస్సులో తీసుకువెళ్ళడం నాకు ఇబ్బందిగా తోచింది. ఎవరైనా ప్రశ్నిస్తే ఉపయోగపడుతుందని ముందురోజే ఒక పత్రం తయారుచేసుకున్నాను: “ఈ సంచిలో గల కత్తి పనసకాయలు కొట్టుటకు మాత్రమే ఉద్దేశింపబడినదనియు, ప్రస్తుతము పిడి లేనందున ఎవరికిని హాని కలిగింపజాలదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” క్రింద నా సంతకం, నా సంతకాన్ని ధ్రువీకరిస్తూ అమ్మ సంతకం.

పామర్రులో బస్సు మారాను. టికెట్టు కొట్టే కండక్టరు గారి కాలికి నా సంచి తగిలింది.

“ఏంటండీ అందులో, అంత గట్టిగా ఉంది?”

నేను జేబులోంచి పత్రం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బస్సంతా వినబడేలా చదివారు. చదివి, మడిచి, ఎంతో గౌరవంగా తిరిగి ఇచ్చి, “పిడి పెట్టించుకున్నాక మా బస్సు ఎక్కకండి సార్,” అన్నారు.

మొవ్వలో ఎక్కి నా వెనక సీటులో కూర్చున్న ఒకావిడ విషయం కనుక్కుని, “పనసపొట్టా? మీరు ఆవ పెడతారా, పులుసు పోస్తారా?” అని అడిగారు. ఆవ అని చెప్పాను. పక్కనున్న పెద్దాయన, రెండూ ఉంటేనే కూర అన్నారు. చల్లపల్లి వచ్చేవరకు బస్సులో సగం మంది ఆవ వైపు, సగం మంది పులుసు వైపు వాదించుకున్నారు. కత్తి సంగతి అందరూ మరిచిపోయారు. పత్రం వ్రాయవలసిన అవసరమే లేదని నాకు అప్పుడు తోచింది.

అవనిగడ్డలో దిగి, ఆటోలో ఆ ఊరు చేరాను. కమ్మరి తాతగారు ముసలివారైపోయినా కొలిమి ఆరలేదు. కత్తిని చేతిలోకి తీసుకుని, వేలిగోటితో ఒకసారి మీటి, “మీ అమ్మ బాగుందా?” అన్నారు. నన్ను అడిగారో కత్తిని అడిగారో తెలియలేదు. పిడిలోకి దిగే సన్నని ఇనుప తోక కొంచెం వంగి ఉంటే దాగలి మీద పెట్టి రెండు దెబ్బలతో సరిచేశారు.

“పిడి కూడా మీరే పెట్టండి తాతగారూ.”

“నేను పెట్టను నాయనా. ఎప్పుడూ పెట్టలేదు. ఇనుం మాది, కర్ర మీది. కత్తి బాగా తెగితే నా పేరు చెప్తారు. చెయ్యి జారితే పిడి పేరు చెప్తారు. రెండు పేర్లూ నాకెందుకు?”

ఆ కొలిమిలో తయారైన కత్తులన్నీ పిడి లేకుండానే గడప దాటుతాయట. కొన్నవారు ఎవరి చేతికి తగినట్టు వారే కర్ర తొడుక్కుంటారు. అందుకని ఎలా తొడగాలో మాత్రం విడమరిచి చెప్పారు. కర్రకు సన్నని బెజ్జం పెట్టాలి. ఇనుప తోకను ఎర్రగా కాల్చి అందులోకి దించాలి. తీసి, బెజ్జంలో లక్కపొడి పోసి, మళ్ళీ కాల్చి దించితే లక్క కరిగి పట్టేస్తుంది. కర్ర చీలకుండా మెడకు ఇనుప పొన్ను తొడగాలి. నేను చిన్న పుస్తకంలో అంకెలు వేసి వ్రాసుకున్నాను.

“అదంతా సరేగానీ, మీ అమ్మ చెయ్యి ఏది? చెయ్యి రాకుండా పిడి ఎట్టా కుదురుద్ది?”

నేను గ్రాఫు కాగితం విప్పి చూపించాను. ఆయన దాన్ని నిలువుగా చూశారు, అడ్డంగా చూశారు. “బాగుంది. ఇది ఏ ఊరి మ్యాపు?” అన్నారు.

తిరుగు ప్రయాణంలో నాకు పెడన గుర్తుకు వచ్చింది. మా రైలు ఆగే ఆ స్టేషనుకు దగ్గరలోనే ఒక వసారాలో ఒక పెద్దాయన కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కుతారు. కర్ర మీద వెంట్రుకవాసి గీతలు చెక్కగలిగిన మనిషికి ఒక పిడి ఎంతపని అనుకున్నాను. సోమవారం సాయంత్రం అక్కడ దిగాను.

“కత్తి పిడా?” అన్నారాయన. “నేను పువ్వులు చెక్కుతానండీ. ఆకులు, నెమళ్ళు చెక్కుతాను. చెయ్యి ఎప్పుడూ చెక్కలేదు.”

“కొలతలన్నీ ఉన్నాయండీ,” అని కాగితం ఇచ్చాను.

ఆయన దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశారు. “ఎంత శుభ్రంగా గీశారండీ! మాకొచ్చే డిజైన్లు ఇట్టా ఉంటే నాకు కళ్ళజోడు వచ్చేదే కాదు,” అన్నారు.

ఆ వారంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది. దానికి పొంగిపోయి, అడగవలసినవి అడగకుండానే వచ్చేశాను.

బుధవారం నాడు కార్యాలయం నుంచి రెండు గంటలు ముందుగా వెళ్ళడానికి అనుమతి తీసుకుని పెడనలో దిగాను. పిడి సిద్ధంగా ఉన్నది. అచ్చులకోసం నూనెలో నానబెట్టి ఉంచిన టేకు ముక్క అది, తేనెరంగులో మెరుస్తున్నది. పల్లం, ఉబ్బు, నాలుగు గాడులు, అన్నీ నేను వ్రాసిన కొలతలకు సరిగ్గా ఉన్నాయి. చివర అడుగుభాగంలో ఎనిమిది రేకుల చిన్న పువ్వొకటి చెక్కి ఉన్నది. “ఖాళీగా వదిలేస్తే చెయ్యి ఊరుకోలేదండీ,” అన్నారు.

ఇల్లు చేరేసరికి అమ్మ ఇంకా మార్కెట్టులోనే ఉన్నది. పూర్తయిన కత్తినే ఆవిడ చేతికి అందించాలని నా కోరిక. పుస్తకం ముందు పెట్టుకుని, తాతగారు చెప్పిన అంకెల ప్రకారం, బొగ్గుల మీద ఇనుప తోక కాల్చి, లక్క పోసి, పిడి దించి, పొన్ను తొడిగాను. ఎక్కడా చీలలేదు. చల్లారాక పట్టుకుని చూశాను. ఎంత హాయిగా ఇమిడిందంటే, అది చేతిలో ఉన్నట్టే తెలియలేదు. చిన్నప్పుడు నా చేతికి అడ్డొచ్చిన పిడి ఇది కాదు అనుకున్నాను. నేను పట్టుకున్నది ఎడమచేత్తోనని నాకు తట్టలేదు.

అమ్మ వచ్చి, కాళ్ళు కడుక్కుని, కత్తి అందుకున్నది. పువ్వును చూసి ముచ్చటపడింది. లక్క పట్టిన చోటు చూసి, “బాగా దించావే!” అన్నది. తర్వాత కుడిచేత్తో పట్టుకున్నది. పట్టు మార్చింది. మళ్ళీ మార్చింది.

“ఇది ఎవరి చెయ్యిరా?”

“నీదే అమ్మా. మిల్లీమీటరు తేడా లేదు.”

“నా బొటనవేలు బుడిపె మీద కూర్చుంది, చూడు.”

చూశాను. పల్లం కుడి పక్కన ఉన్నది. ఉబ్బు ఎడమ పక్కన ఉన్నది. నా కాగితాన్ని తెచ్చి పోల్చి చూశాను. అందులో లేని కొలత లేదు. అయితే ఏ పక్కనుంచి చూసి గీశానో మాత్రం ఎక్కడా వ్రాయలేదు. వెంటనే పెడనకు ఫోను చేశాను.

“కాగితం బోర్లించే కదండీ కర్రకి అంటిస్తాం!” అన్నారాయన. “తిరగేసి చెక్కితేనే కదా గుడ్డ మీద తిన్నగా పడేది!”

“ఇది గుడ్డ మీద పడేది కాదు కదండీ.”

“అవునండోయ్,” అన్నారు చాలా నెమ్మదిగా. “పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ అదే అలవాటండీ. తెల్లారేలోపు ఇంకోటంటే నా వల్ల కాదు. వారం రోజులివ్వండి, అప్పు తీర్చినట్టు చేసి పెడతా.”

వారం మా దగ్గర లేదు. తెల్లవారితే బంటుమిల్లి. లక్క పట్టిన పిడిని ఊడబెరికితే కర్ర చీలుతుంది. గీసి సమం చేద్దామంటే పట్టుకు చాలనంత సన్నబడుతుంది. నేను క్షమాపణ చెప్పడానికి తగిన వాక్యం కోసం వెతుక్కుంటున్నాను. అమ్మ నా ఎడమచెయ్యి పట్టి లాగి, కత్తి అందులో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. నాలుగు వేళ్ళూ నాలుగు గాడుల్లో కూర్చున్నాయి. బొటనవేలు పల్లంలోకి దిగింది. వేళ్ళ పొడవు నాకు ఆవిడ పోలికే వచ్చింది.

“రేపు సెలవు పెట్టు,” అన్నది.

“అమ్మా, నాకు కొట్టడం రాదు.”

“నాకు కూడా రాకుండానే మొదలైంది.”

సెలవు చీటీలో “అనివార్యమైన స్వంత పని” అని వ్రాసి, ఫోటో తీసి పైఅధికారికి పంపాను. అప్పటికి ఇంట్లో ఉన్న రెండు కాయలు నా విద్యాభ్యాసానికి బలి అయ్యాయి. మొదటి కాయ నుంచి రాలినవాటిని అమ్మ చేతిలోకి తీసుకుని, “ఇది పొట్టు కాదు, పులుసులో ముక్కలు,” అన్నది. నేను భుజం నుంచి బలంగా కొడుతున్నానని ఆవిడ అభ్యంతరం. “నువ్వు కొట్టకు, దాన్ని పడనియ్యి. బరువు సంగతి కత్తి చూసుకుంటుంది. నువ్వు ఊరికే పైకి తీసుకెళ్తే చాలు.” రెండో కాయ సగానికి వచ్చేసరికి దెబ్బల మధ్య ఒక తాళం కుదిరింది. నేను పదో తరగతి ప్యాసైనప్పుడు కూడా అమ్మ ముఖంలో చూడని ఒక భావం అప్పుడు కనిపించింది. వెంటనే, “మరీ అంత లావుగా కాదు,” అన్నది.

గురువారం ఉదయం ఏడు గంటలకు బంటుమిల్లిలో పెళ్ళివారి పెరటి పందిరి క్రింద పదిహేను కాయలు కుప్పగా పడి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, అరచేతులకు నూనె రాసుకుని నేను మొద్దు ముందు కూర్చున్నాను. మేస్త్రి గారు వచ్చి చూసి, ఆగిపోయారు.

“ఏంటి చెల్లెమ్మా, గుమాస్తా అల్లుణ్ణి కూర్చోబెట్టావ్? అదేంటి, ఎడంచేత్తోనా? పెళ్ళికూర ఎడంచేత్తో కొడతారా ఎవరన్నా?”

“వడ్డించేది ఎడంచేత్తో కాదుగా అన్నయ్యా. కొట్టేది ఏ చెయ్యో పనసకాయకి తెలుసా?”

“పనసకాయకి తెలియకపోయినా పెళ్ళికొడుకు మేనత్తకి తెలుస్తది. ఆవిడ ఇందాకణ్ణించీ పందిట్లోనే తిరుగుతోంది.”

“అయితే మీరు అడ్డంగా నిలబడండి. మీ వెనకాల ఏనుగున్నా కనపడదు,” అన్నాను నేను.

ఆయన తన పొట్టను ఒకసారి చూసుకుని, నవ్వు ఆపుకుని, గడియారం చూశారు. “తొమ్మిదింటికి పొయ్యి మీద మూకుడెక్కాలి. అప్పటికి అయిదు కాయల పొట్టు నా ముందుండాలి. లేకపోతే కైకలూరు ఫోను చేస్తా. ఆయన ఆటో సిద్ధంగా పెట్టుకునే ఉన్నాడు.”

అమ్మ నడిమి కత్తితో చెక్కు తీసి కాయ అందించేది. నేను దెబ్బలు వేసేవాణ్ణి. దెబ్బలు తిన్న పొరను ఆవిడే అడ్డంగా చెక్కి రాల్చేది. నేను తాళం తప్పినప్పుడల్లా పక్కనున్న ఇత్తడి గరిటెతో పళ్ళెం అంచు మీద టకటకమని వేసి నన్ను మళ్ళీ దారిలో పెట్టేది. మూడో కాయకు నా చొక్కా నిండా పనసపాలు అంటుకున్నాయి. నాలుగో కాయకు అరచేతిలో బొబ్బ లేచింది. మేస్త్రి గారు మాత్రం మాట ప్రకారం అటు తిరిగి అడ్డంగా నిలబడే ఉన్నారు. పెళ్ళికొడుకు మేనత్త గారు రెండుసార్లు వచ్చి, ఆయనతో మాట్లాడి వెళ్ళిపోయారు.

తొమ్మిది గంటలకు అయిదో కాయ సగంలో ఉన్నది. ఆయన ఇటు తిరిగారు. చేతిలో ఫోను ఉన్నది. అమ్మ కత్తి కింద పెట్టి, ఆయన ముఖంలోకి చూడకుండా పొట్టు వైపే చూస్తూ కూర్చున్నది. ఆయన వంగి, రాశిలోంచి ఒక పిడికెడు తీసుకుని, గట్టిగా పిండి, పక్కనున్న గుడ్డ మీద విదిలించారు. ముద్దకట్టలేదు, పోగులు విడివిడిగా పడ్డాయి. మళ్ళీ ఒక పిడికెడు తీసుకున్నారు. అందులోంచి ఒక ముక్కను రెండు వేళ్ళతో ఏరి పైకెత్తారు.

“అల్లుడూ, ఇది పొట్టా, పొయ్యిలోకి పుల్లా?”

“అది మొదట్లోది మావయ్యగారూ,” అన్నాను.

“పెళ్ళికొడుకు విస్తట్లో పడకుండా చూడండి.” ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. “ఆ, నేనే. ఆటో పంపొద్దు. ఇక్కడ చెయ్యి ఆడుతోంది... లేదు లేదు, వచ్చే ముహూర్తానికి కూడా అక్కర్లేదు. నేనే చెప్తాలే అవసరమైతే.”

అమ్మ వెంటనే ఆరో కాయ చెక్కు తీయడం మొదలుపెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకున్నది గాని, చెమట అని నేను ఒప్పుకోను. పదిహేను కాయలూ పన్నెండింటికల్లా పూర్తయ్యాయి. బంతిలో ఆ కూర రెండోసారి అడిగి వేయించుకున్నవాళ్ళలో పెళ్ళికొడుకు మేనత్త గారు కూడా ఉన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని దివిసీమ వెళ్ళి, తాతగారిని ఇంకో పెద్ద కత్తి చేసిపెట్టమని అడిగింది. అది తయారయ్యాక దాన్ని తీసుకుని తానే పెడన వచ్చి, అచ్చులాయన బల్ల మీద కుడిచెయ్యి చాచి పెట్టి, “కాగితాలొద్దు బాబూ. చెయ్యి చూసి చెక్కండి,” అన్నది. ఆయన ఆ చేతిని చూస్తూ చెక్కారు; చెక్కుతున్నంతసేపూ, అలవాటు ఎక్కడ అడ్డుపడుతుందోనని, “ఇది తిన్నగా, ఇది తిన్నగా,” అని పైకే అనుకున్నారు. చివర పువ్వు మాత్రం మానలేదు. ఇప్పుడు మా బీరువా పైన నాలుగు కత్తులున్నాయి. అందులో ఒకటి నాది.

కొన్ని ఆదివారాలు నేను కూడా మార్కెట్టులో కూర్చుంటున్నాను. మాకున్న చోటు ఒక గోనెపట్టా వెడల్పు. అమ్మకు కుడి మోచెయ్యి, నాకు ఎడమ మోచెయ్యి బయటివైపుకు ఆడతాయి కాబట్టి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నా తగులుకోము. మొన్న మేస్త్రి గారు అక్కడికే వచ్చి, మొవ్వలో పెళ్ళికి ముప్ఫై కాయలు కొట్టాలి, ఇద్దరూ రావాలి అన్నారు.

“వాడికి సెలవు దొరకాలిగా అన్నయ్యా,” అని, అమ్మ నావైపు చూసింది. “ఈసారి చీటీలో ఏం రాస్తావురా?”

సోమవారం ఉదయం రైల్లో కూర్చుని చాలాసేపు ఆలోచించి వ్రాశాను: “మా తల్లిగారితో కలిసి వివాహమునకు పనసపొట్టు కొట్టవలసి ఉన్నందున, ఒక్కరోజు సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన.” మధ్యాహ్నానికి ఆ కాగితం నా బల్ల మీదికి తిరిగి వచ్చింది. మంజూరు చేయడమైనదని సిరాతో ఉన్నది. దాని క్రింద, పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో మరో వాక్యం ఉన్నది: “ఆవ పెట్టు విధానము కూడా తెలుపగలరు.”